గీకుడు సారు పాట

పాట బాగుంది. ఆ మాట మొదటే ఒప్పుకుంటే నా కోపం ఎలాంటిదో మీకు సులువుగా అర్థమవుతుంది. బాగాలేని పాట అయితే నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకునేదాన్ని. మిక్సీలో పచ్చడి తిప్పుతూ నేనే ఆ పాట పాడుకుంటున్నానని తెలిసి నాలుక కరుచుకున్న సందర్భాలు ఒకటి కాదు, రెండు కాదు.

మొదటిసారి దాన్ని బీరంగూడ నుంచి కిష్టారెడ్డిపేట వచ్చే షేర్ ఆటోలో విన్నాను. ముందు ఒక గిటారు రేకును గోరుతో గీసినట్టు గీసింది. వెంటనే డ్రమ్ములు దడదడలాడాయి. తర్వాత జీర పట్టిన ఒక కుర్రాడి గొంతు వచ్చింది.

“గేటు కాడ సారున్నడు, గీకమంటడు
గోరంత గడ్డమున్నా గోల జేస్తడు
పిల్ల మెచ్చిన గడ్డమన్నా పట్టనే పట్టదు
గీకుడు సారూ... గీకుడు సారూ...”

నా పక్కనున్న ఇద్దరు కాలేజీ పిల్లలు తొడల మీద దరువేస్తూ అందుకున్నారు. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

“మస్తు పాటమ్మా ఇది. గా సారు నిజంగనే ఉన్నడంట, కాజీపల్లి దిక్కు ఏదో కంపెనీల. పొద్దుగాల గేటు కాడ నిలవడి అందరి గడ్డాలు గీకిపిస్తడంట. ఏం మనిషో ఏమో!”

ఆ మనిషి నా మొగుడు. రెండు స్టాపులు ముందే దిగిపోయి, కూరగాయల సంచి మోసుకుంటూ ఎండలో ఇంటికి నడిచాను.

మా ఆయన పేరు వెంకటరామయ్య. మా రెండు కుటుంబాలవీ సంగారెడ్డి బజారులో కిరాణా కొట్లే. తరాజు పట్టుకుని కూర్చోవడం తనవల్ల కాదని ఈయన కెమిస్ట్రీ చదివి, మందుల ముడిసరుకు తయారు చేసే కంపెనీలో చేరాడు. సేఫ్టీ ఆఫీసర్ అయ్యాడు. ఇరవై అయిదేళ్లుగా రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడతాడు. భుజాన గుడ్డ సంచి, అందులో వాడి పారేసే రేజర్లు. గడ్డంతో వచ్చినవాడెవడైనా సరే, గేటు పక్కన కుళాయి దగ్గర గీక్కుంటేనే లోపలికి. దానికి కారణం ఉంది. మాస్కు అంచు రబ్బరు చెంపకు అతుక్కోవాలి. మధ్యలో వెంట్రుకలుంటే సందు ఉంటుంది, ఆ సందులోంచి గ్యాసు వెళ్తుంది. ఈ సంగతి వర్కర్లందరికీ తెలుసు. అందుకే వాళ్లు ఆయనకు పెట్టిన పేరు ‘గీకుడు సారు’ కంపెనీ గోడ లోపల ఉన్నంతకాలం ముద్దుపేరే. అమర్ దాన్ని గోడ దూకించాడు.

అమర్ అంటే ఆ పాట పాడిన కుర్రాడు. కాజీపల్లి కాలనీవాడే. మూడేళ్ల కింద అదే కంపెనీలో ట్రైనీగా చేరి, ఎనిమిది నెలలు చేసి, గడ్డం దగ్గర మా ఆయనతో గొడవపడి హెల్మెట్ విసిరికొట్టి వెళ్లిపోయాడు. ముగ్గురు దోస్తులతో కలిసి బ్యాండు పెట్టి, దానికి ‘సెకండ్ షిఫ్ట్’ అని పేరు పెట్టుకున్నాడు. రెండేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఈ పాట వచ్చింది, దశ తిరిగింది. ఫోన్లో రెండు కోట్లమంది చూశారట. ఆ వీడియోలో నీలం హెల్మెటు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, భుజాన సంచితో ఒక ముసలాయన కోతిలా గెంతుతూ జనం వెంట పడతాడు. కళ్లద్దాలు కూడా అచ్చం మా ఆయనవే.

ఇక చూడండి. పెళ్లి బరాతులో అదే పాట, బర్త్‌డేలో అదే పాట. వినాయకుణ్ణి సాగనంపేటప్పుడు కూడా అదే. ఎవరి బడిలోనో వార్షికోత్సవానికి ఆరేళ్ల పిల్లలకు హెల్మెట్లు పెట్టి ఎగిరించారు. అమీన్‌పూర్‌లో ఒక మంగలి షాపు బోర్డు మార్చేసి ‘గీకుడు సారు సెలూన్’ అని రాయించాడు. ఒక పత్రికలో ఎవరో పెద్దమనిషి, యాజమాన్యాల పెత్తనం మీద కార్మికుడి తిరుగుబాటు ఈ పాట అని అరపేజీ రాశాడు. మా అపార్టుమెంటు లిఫ్టులో పైఅంతస్తు కుర్రాడు నన్ను చూడగానే ఫోన్ నొక్కేసేవాడు. ఆ మర్యాద ఒకటి నన్ను ఇంకా మండించేది.

మా ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్న కంపెనీ బస్సు మానేశాడు. పాత స్కూటర్ బాగు చేయించుకుని దాని మీద వెళ్లసాగాడు.

“బస్సుల ఆ పాట పెడుతున్నరా?” అని అడిగాను.

“పెడుతున్నరు.”

“మిమ్మల్ని చూసి నవ్వుతున్నరా?”

“నవ్వుతున్నరు గని, ఇడిసిపెట్టు ప్రభా.”

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైపోయిందనుకున్నాను. అవమానం భరించలేక బస్సు మానేశాడు పాపం అనుకున్నాను. నా కళ్లముందు అమర్ అనేవాడు ఉంటే రెండు చెంపలూ వాయించేదాన్ని.

ఎందుకంటే నాకొక సంగతి తెలుసు. వాడికి తెలియదు.

ఇరవై అయిదేళ్ల కింద మా ఆయన గేటు దగ్గర నిలబడేవాడు కాదు. మెత్తటి మనిషి. అప్పుడు కొమురయ్య అని ఒక వర్కరు ఉండేవాడు. భార్య కడుపుతో ఉంది. భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం గీయించుకోకూడదని మా వైపు పట్టింపు కదా, గుబురుగా పెంచాడు. ఒకరోజు ట్యాంకు కడగడానికి దిగాలి. రూలు ప్రకారం గడ్డంతో దింపకూడదు. “గీయమంటవా సార్? లోపల బిడ్డ ఉన్నది” అని కొమురయ్య బతిమాలుకుంటే, మా ఆయనకు మనసొప్పలేదు. పది నిమిషాల పనే కదా అని మాస్కు తగిలించి పంపించాడు. కొమురయ్యను పైకి తీసేసరికి ప్రాణం లేదు. ట్యాంకులో గ్యాసు పట్టిందన్నారు గానీ, గడ్డం సంగతి ఎక్కడా రాయలేదు. నాలుగు నెలలకు కొమురయ్య భార్య మొగులమ్మకు కొడుకు పుట్టాడు. ఆ కొడుకే అమర్.

వాడికి ట్రైనీ ఉద్యోగం ఇప్పించింది కూడా మా ఆయనే. వాడు ఉండేది ప్యాకింగులో. అక్కడ మాస్కుతో పనే లేదు. అయినా గడ్డం చూస్తే ఈయన ఆగలేకపోయాడు, రోజూ కుళాయి దగ్గరికి తరిమాడు. వాడికి ఒళ్లు మండిందంటే మండదా మరి!

“గీ ముచ్చట ఆ పిలగానికి ఎన్నడూ చెప్పొద్దు” అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. “నీ కోసం పెంచిన గడ్డంతోనే మీ నాయిన పోయిండని ఏ నోటితోని చెప్తం? ఆడు బతికినన్ని దినాలు మోస్తడు. నేను మోస్తున్న చాలు.”

నేను ఒట్టు నిలబెట్టుకున్నాను, ఆయన రిటైర్మెంటు దాకా.

మా వైపు కంపెనీల్లో మనిషి రిటైరయ్యే రోజు ఊరికే ఇంటికి పంపరు. భార్యను గేటు దగ్గరికి పిలిపిస్తారు. ఇద్దరికీ దండలు వేసి, డీసీఎం వ్యాను మీద కూర్చోబెట్టి, ముందు డీజే పెట్టి, ఎగురుతూ ఇంటి గుమ్మం దాకా తెచ్చి దింపుతారు. పెళ్లిరోజు కూడా నాకు అంత ఊరేగింపు జరగలేదు. ఎన్నేళ్లుగానో మిగతావాళ్ల ఊరేగింపులు బాల్కనీలోంచి చూస్తూ, మన వంతు వస్తుందిలే అనుకున్నదాన్ని. పట్టుచీర కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఆ రోజుకు అయిదు రోజుల ముందు యూనియన్ లీడర్ సునీల్‌కుమార్ ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“సార్, మస్తు ఖుషీ ముచ్చట. అమర్‌ను పిలిచినం. ఇప్పుడు ఆయన లెవెలే వేరు, అయినా మన సారు కోసం అంటే ఒప్పుకున్నడు. వ్యాను మీద నిలవడి లైవ్‌ల పాడుతడు. మన కంపెనీ పేరు మోగిపోతది సార్!”

వాళ్ల మనసులో కుళ్లు లేదు. అది తమ సారు పాట అని వాళ్లకు గొప్ప. ఆ సంగతి నాకూ కనిపిస్తూనే ఉంది. కానీ మా ఆయన ముఖం పాలిపోయింది.

“ఊరేగింపు వద్దు సునీల్. నేను వెనక గేటు నుంచి పోత.”

“గదేంది సార్!”

“వద్దన్న గద.”

అతను వెళ్లాక నేను బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి దొంగలా వెనక గేటులోంచి రావడమేమిటి! బొగ్గు లారీలు పోయే గేటు అది. అంతా ఆ పాట వల్లనే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం, ఆయన డ్యూటీలో ఉండగా, ఆటో ఎక్కి కాజీపల్లి పోయాను.

అమర్ ఇల్లు వెతకనక్కర్లేదు, డ్రమ్ముల మోతే దారి చూపించింది. రేకుల గది, గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి. నన్ను చూడగానే వాడు గిటారు పక్కన పెట్టి లేచాడు. మంచి గడ్డం, చక్కగా దువ్వి ఉంది.

“సారమ్మ గదా! రాండమ్మా, కూసోండ్రి. అమ్మా, చాయ్ పెట్టు!”

చాయ్ పెట్టిస్తాడని నేను అనుకోలేదు. తిట్టడానికి వచ్చినదానికి ఆ మర్యాద అడ్డం పడింది. అందుకని గొంతు ఇంకాస్త పెంచాను.

“నీ పాట వల్ల మా ఆయన బస్సు ఎక్కుడు బంద్ చేసిండు, తెలుసా? ముప్పై ఏండ్ల నౌకరీ చేసి వెనక గేటుకెళ్లి వస్తనంటుండు. నీకు రెండు కోట్లమంది ఉన్నరు. ఆయనకు గా ఒక్క దినం గూడ మిగల్చవా?”

వాడు బిత్తరపోయాడు. “అమ్మా, కోపంతోని రాయలే. అప్పుడు కోపముండె, నిజమే. రాసేటప్పటికి నవ్వొచ్చింది. సారుకు తకిలీఫ్ అయితదనుకోలే. ప్యాకింగ్ల ఉన్నోనికి మాస్కెందుకు, గడ్డం గీకుడెందుకు? గంతే నేనన్నది.”

“ఎందుకా?” అన్నాను. అక్కడ ఆగితే సరిపోయేది. నా నోరు నాకు ఎప్పుడు ఆగింది గనక! “మీ నాయిన గడ్డంతోనే ట్యాంకులకు దిగిండు గనక. మాస్కు అతకలే గనక. మీ అమ్మ కడుపుల నువ్వున్నవని పెంచిన గడ్డం అది. గీయమనలేక మా ఆయన పంపిండు. గందుకు!”

డ్రమ్ముల దగ్గర కూర్చున్న కుర్రాడు చేతిలో పుల్లలు మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు. గుమ్మంలో రెండు చాయ్ గ్లాసులతో మొగులమ్మ నిలబడి ఉంది.

“నిజమేనా అమ్మా?” అని అడిగాడు అమర్.

మొగులమ్మ గ్లాసులు కింద పెట్టింది. “ఆ కంపెనీల గడ్డాలు తీపిచ్చుడు షురూ అయినప్పుడే నాకు సమజైంది బిడ్డా. మీ నాయిన గీకుంటనన్నడు ఆ పొద్దు. నేనే వద్దన్న. కడుపు నిలవాలె గదా అని వద్దన్న.” నా వైపు చూడనైనా చూడలేదు.

ఎలా బయటపడ్డానో, ఏ ఆటో ఎక్కానో గుర్తు లేదు. ఇరవై అయిదేళ్లు ఒక మగవాడూ ఒక ఆడదీ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఒకే పిల్లవాడి దగ్గర దాచిన మాటను నేను అయిదు నిమిషాల్లో వాడి మీద పారేసి వచ్చాను.

సాయంత్రం ఆయన వచ్చేవరకు మంచం దిగలేదు. స్కూటర్ చప్పుడైంది. ఆయన లోపలికి వచ్చి, నేను పడుకున్నాననుకుని చప్పుడు కాకుండా బాల్కనీలోకి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. వెళ్లి చూస్తే రెయిలింగు పట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి. ఒకటి లాగి నా చెవిలో పెట్టుకున్నాను.

“గీకుడు సారూ... గీకుడు సారూ...”

“ఇదేంది?” అన్నాను.

ఆయన దొరికిపోయినవాడిలా చూశాడు. “రోజూ ఇంటున్న” అన్నాడు మెల్లగా. “కొమురయ్య గొంతే ప్రభా. అచ్చం అదే జీర. కొమురయ్య బస్సుల పాడెటోడు, షిఫ్టు అయిపోయి పోయేటప్పుడు. బస్సుల ఈ పాట పెడితే నాకు ఏడుపాగుత లేదు. అందరి ముంగట ఎట్ల ఏడుస్త? అందుకే స్కూటర్ తీసిన. నన్ను తిడితే ఏంది, గా గొంతు మళ్ల ఇంటున్న గద.”

“మరి ఊరేగింపు?”

“కొమురయ్య ఆ గేట్లకెళ్లి ఇంటికి పోలే. వాని కొడుకు నా ముంగట పాడుకుంట నడుస్తుంటే, నేను దండ ఏసుకుని కూసుంటనా?”

అప్పుడు చెప్పాను, కాజీపల్లి పోయి ఏం చేసి వచ్చానో. ఆయన తిట్టలేదు. “మాట తప్పినవ్” అన్నాడు, అంతే. ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లిస్తే తాగాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

రిటైర్మెంటు రోజు సాయంత్రం పట్టుచీర కట్టుకోకుండానే ముందు గేటు దగ్గరికి వెళ్లాను. వ్యాను సిద్ధంగా ఉంది. డీజే పెట్టెలు, బంతిపూల దండలు, రెండొందలమంది జనం. సునీల్‌కుమార్ ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“అమర్ నాలుగు దినాల సంది ఫోన్ ఎత్తుత లేడమ్మా. బ్యాండోళ్లకు గూడ తెల్వదంట. పరేషాన్ అయితుంది నాకు. సారేమో వెనక గేటు దిక్కు పోయిండంటున్నరు.”

నేనేం చెప్పను? ప్రహరీ పక్కనే ఉన్న మట్టిదారి వెంట వెనక గేటుకు నడిచాను. ఇక ఆయనతో పాటు అటునుంచే ఇంటికి పోదామనుకున్నాను. మూల తిరిగేసరికి గేటు ఎదురుగా అమర్ నిలబడి ఉన్నాడు. గిటారు లేదు, వెంట ఎవరూ లేరు. గడ్డం అలాగే ఉంది, దువ్వలేదు. లోపల్నుంచి మా ఆయన సంచి పట్టుకుని వస్తున్నాడు. అమర్‌ను చూసి ఆగిపోయాడు.

“నేనే పంపిన అమర్” అన్నాడు, అడగకముందే. “గడ్డం చూసి గూడ పంపిన.”

“అమ్మ తనే వద్దన్ననంటుంది. మీరు మీరే అంటుండ్రు. నేనేమో కడుపుల కూసున్న” అన్నాడు అమర్. “నాలుగు దినాల సంది ఎవరిదని ఆలోచిస్తున్న సార్. తెగుత లేదు. ఇగ నాతోని కాదు, ఇడిసిపెట్టిన. వేరే ముచ్చటడుగుదామని వచ్చిన.”

“అడుగు.”

“నాయినది ఒక్క ఫొటో ఉన్నది మా ఇంట్ల. గంతే తెలుసు నాకు. ఎట్ల నడిచెటోడు, ఎట్ల నవ్వెటోడు, అమ్మనడిగితే ఏడుస్తది. మీకేమన్న యాదికున్నదా?”

మా ఆయన వాడి ముఖంలోకి చూశాడు. “పాడెటోడు” అన్నాడు.

“మా నాయిన పాడెటోడా?”

“బస్సుల. రోజూ. నీ గొంతే.”

ఆ గొంతు ఎక్కడిదని రెండు కోట్లమందిలో ఎవరూ అమర్‌ను అడిగి ఉండరు. “ఏం పాడెటోడు?” అన్నాడు.

నా మొగుడికి పాట రాదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక జోలపాట కూడా ఆయన నోట వినలేదు. అలాంటి మనిషి బొగ్గు లారీల గేటు ముందు, హారన్ల మధ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“పొద్దు వాలిపాయె మొగులీ... బస్సు గదిలిపాయె మొగులీ... వస్తున్న, వస్తున్న, ఇంటికే వస్తున్న...”

శ్రుతి లేదు, లయ లేదు. అమర్ మాత్రం తల వంచి ఒక్కొక్క మాటా వింటున్నాడు. అయిపోగానే వాడు అందుకున్నాడు.

“గట్ల కాదు” అన్నాడు మా ఆయన. “ఆఖర్ల జెర లాగుతడు.”

అమర్ మళ్లీ పాడాడు. ఈసారి ‘వస్తున్న’ను లాగాడు, అక్కడ జీర తిరిగింది. మా ఆయన సంచి కింద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“ఆఁ” అన్నాడు వేళ్ల సందుల్లోంచి. “వచ్చిండు. కొమురయ్య వచ్చిండు.”

అమర్ వంగి ఆ సంచి తన భుజాన వేసుకున్నాడు. “నడువుండ్రి సార్” అన్నాడు. “అమ్మ ముందు గేటు కాడికి వస్తనన్నది. గీ పాట ఆమెకు ఇనిపియ్యాలె.”